ధరగా మారిన యుద్ధం: ‘అశని సంకేత్’ నవలలో 1943 బెంగాల్ కాటకం

వ్యాస సంగ్రహం

బిభూతి భూషణ్ బందోపాధ్యాయ ‘అశని సంకేత్’ నవల రెండవ ప్రపంచయుద్ధ కాలపు బెంగాల్ పల్లెను చిత్రిస్తుంది. ఇందులో యుద్ధభూమి లేదు, సైనికుడు లేడు. బియ్యం ధర రూపంలో యుద్ధం ఊరిలోకి ప్రవేశిస్తుంది. ఆ ధర వృత్తుల విలువను, కులమర్యాదను, చివరకు మానవ సంబంధాలను ఎలా మార్చివేసిందో నవల ఏ క్రమంలో చూపిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కాటకాన్ని ‘పిడుగు’గా భావించిన శీర్షికలోని రూపకం నవలకు ఇచ్చిన బలాన్ని, విధించిన పరిమితిని కూడా చర్చిస్తుంది.

ప్రస్తావన

కాటకాలకు సంవత్సరాల పేర్లు పెట్టడం మన జనవ్యవహారంలో ఉన్నదే. 1832-33 నాటి గుంటూరు కరువు నందన కరువు, 1876-77 నాటిది ధాత కరువు. బెంగాలీలూ అదే పద్ధతిని పాటించారు. బంగాబ్దం 1176లో, అంటే క్రీ.శ. 1770లో వచ్చిన మహా కాటకం వారికి ‘డెబ్బై ఆరు మన్వంతరం’. బంగాబ్దం 1350లో, అంటే 1943లో వచ్చినది ‘యాభై మన్వంతరం’. సంవత్సరం పేరుతో పిలిచినప్పుడు కాటకం కాలధర్మంగా స్థిరపడుతుంది. ఫలానా ఏడు చెడ్డది కనుక జనం చనిపోయారన్న అర్థం మిగులుతుంది. ఎవరి నిర్ణయం వల్ల, ఎవరి లాభం కోసం, ఏ యుద్ధం మూలంగా అన్న ప్రశ్నలు ఆ పేరులో కనిపించవు.

‘అశని సంకేత్’ అన్న శీర్షిక కూడా మొదటి చూపునకు ఈ కోవలోనిదే. అశని అంటే పిడుగు. శీర్షికకు పిడుగు రాకను తెలిపే సూచన అని అర్థం. పిడుగు ఆకాశం నుంచి పడుతుంది. దానికి కర్త ఉండడు. కాని నవలలోకి వెళ్లిన కొద్దీ ఆ పిడుగు మనుషులు తయారుచేసినదని పాఠకునికి తెలిసివస్తుంది. శీర్షిక చెప్పేదానికి, కథనం చూపేదానికి మధ్య ఉన్న ఈ దూరమే ఈ నవలా పఠనానికి కీలకం.

1944-46 మధ్య పత్రికలో ధారావాహికగా వచ్చిన ఈ రచన అసంపూర్ణంగా నిలిచిపోయింది. 1950లో రచయిత మరణించారు. 1959లో ఇది పుస్తకరూపం దాల్చింది. 1973లో సత్యజిత్ రాయ్ దీనిని చలనచిత్రంగా తీశారు. అదే సంవత్సరం బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఆ చిత్రానికి స్వర్ణ భల్లూక పురస్కారం లభించింది. ‘పథేర్ పాంచాలీ’, ‘ఆరణ్యక్’ల రచయితగా బందోపాధ్యాయను గ్రామీణ సౌందర్యానికి, ప్రకృతి ఆరాధనకు ప్రతినిధిగా చూడడం పరిపాటి. ఆర్థిక వ్యవస్థ పతనాన్ని ఆయన ఎంత సూక్ష్మంగా గమనించారో ‘అశని సంకేత్’ నిరూపిస్తుంది.

రంగూన్ నుంచి పల్లె దాకా

నవల నిర్మాణాన్ని గ్రహించడానికి ఆనాటి చరిత్ర క్రమం అవసరం. యుద్ధానికి ముందు ప్రపంచంలో బియ్యాన్ని అత్యధికంగా ఎగుమతి చేసిన దేశం బర్మా. ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం అక్కడి రేవుల నుంచి బయటకు వెళ్లేది. భారతదేశం, సింహళం, మలయా ఆ బియ్యం మీద వేర్వేరు స్థాయిల్లో ఆధారపడ్డాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యాయి. దానితో బర్మా బియ్యం ఆగిపోయింది. ఆ బియ్యం కొన్న ప్రాంతాలన్నీ భారతదేశంలోని ఇతర మార్కెట్ల మీద పడ్డాయి.

దండెత్తి వచ్చే జపాన్ సైన్యానికి ఏదీ అందకూడదన్న ఉద్దేశంతో ప్రభుత్వం తీర బెంగాల్‌లో బియ్యం నిల్వలను తరలించింది. పది మందికి పైగా మోయగల పడవలను జనం చేతుల్లోంచి తప్పించింది. నదులే దారులైన ఆ నేలలో పడవ పోవడమంటే జాలరికి వేట, కుమ్మరికి సంత, రైతుకు లంకపొలం ఒకేసారి పోవడమే. 1942 అక్టోబరు 16న మేదినీపూర్ తీరాన్ని తుపాను ముంచింది. వరికి మచ్చతెగులు సోకింది. మరోవైపు సైనిక వ్యయం వల్ల కలకత్తాలో డబ్బు చలామణి పెరిగింది. యుద్ధ పరిశ్రమల కార్మికులకు, ఉద్యోగులకు చౌకగా బియ్యం అందే ఏర్పాట్లు జరిగాయి. వ్యాపారులు ధర ఇంకా పెరుగుతుందన్న నమ్మకంతో సరుకు బిగపట్టారు.

ఫలితం కలకత్తా టోకు ధరల్లో కనిపిస్తుంది. 1942 డిసెంబరు 11న మణుగు 13-14 రూపాయలున్న బియ్యం 1943 మార్చి 12కు 21 రూపాయలు, మే 21కి 30 రూపాయలకు పైగా, ఆగస్టు 20కి 37 రూపాయలు అయింది. అధికారిక విచారణ సంఘం మృతుల సంఖ్యను సుమారు 15 లక్షలుగా లెక్కించగా, అమర్త్యసేన్ దాదాపు 30 లక్షలుగా అంచనా వేశారు. 1943లో బెంగాల్‌కు అందుబాటులో ఉన్న ధాన్యం గత ఐదేళ్ల సగటు కంటే 5 శాతమే తక్కువని, కాటకం లేని 1941 కంటే 13 శాతం ఎక్కువని సేన్ 1981లో వాదించారు. పంటనష్టం ఇంతకంటె తీవ్రమైనదన్న అభిప్రాయం కూడా తరువాతి పరిశోధనలో ఉంది. ఆ చర్చ ఎటు తేలినా ఒక విషయంలో మార్పు ఉండదు. చనిపోయినవారిలో అత్యధికులు వ్యవసాయ కూలీలు, జాలరులు, వడ్లు దంచి బతికే స్త్రీలు, చేతివృత్తులవారు. ధాన్యం ఉన్నా దానిని పొందే హక్కు పోయినవారు వీరు. సేన్ సిద్ధాంతీకరించడానికి మూడున్నర దశాబ్దాలకు పూర్వమే ‘అశని సంకేత్’ ఈ స్థితిని కథగా చెప్పింది.

వార్త, వస్తువు, ధర

గంగాచరణ్ చదువుకున్న బ్రాహ్మణుడు. తన కులంవారు వేరే ఎవరూ లేని ఊరికి భార్య అనంగతో వచ్చి స్థిరపడతాడు. పాఠశాల నడుపుతాడు, పౌరోహిత్యం చేస్తాడు, తెలిసినంత వైద్యమూ చేస్తాడు. విశూచి భయంతో పొరుగూరివారు శాంతి చేయించమని పిలిస్తే, పూజకు ఆరోగ్యసూత్రాలు కూడా జోడించి చెబుతాడు. సంభావనగా ఏమేమి కావాలో జాబితా ఇవ్వడం కూడా అతనికి తెలుసు. రచయిత అతనిని ఆదర్శమూర్తిగా మలచలేదు. కొంత అహంకారం, కొంత లౌక్యం, భార్యపట్ల నిండు ప్రేమ కలిగిన సాధారణ గృహస్థుగా నిలిపాడు.

ఈ ఊరికి యుద్ధం మూడు దశల్లో చేరుతుంది. మొదటి దశ వార్త. సింగపూర్ పడిపోయిందన్న మాట వినబడుతుంది గాని ఆ సింగపూర్ ఎక్కడుందో ఊరిలో ఎవరికీ స్పష్టంగా తెలియదు. గ్రామస్థుల భూగోళ జ్ఞానం మీద ఇది పరిహాసంగా తోచవచ్చు. కాని తమకు పేరు తప్ప ఏమీ తెలియని రేవు చేతులు మారడం వల్ల తమ కుండలో అన్నం తగ్గబోతున్నదన్న సంగతి ఊరికి తెలియదు, పాఠకునికి తెలుసు. నవలలోని విషాద వ్యంగ్యమంతా ఈ జ్ఞాన వ్యత్యాసం మీద నిలిచింది.

రెండవ దశ వస్తువుల కొరత. కిరోసిన్ దొరకడం మానేస్తుంది. బర్మా నూనెబావులు శత్రువు చేతికి పోయాయన్న చరిత్రను నవల వివరించదు. దీపం వెలగని సాయంత్రాన్ని చూపుతుంది. జనం సర్దుకుంటారు. నూనె లేకపోతే చీకట్లో కూర్చోవచ్చు, బియ్యం లేకపోతే ఏమి చేయాలన్న ప్రశ్న అప్పటికి ఎవరికీ రాదు.

మూడవ దశ ధర. మొదట కొద్దిగా పెరిగిన బియ్యం ధర క్రమంగా అందకుండా పోతుంది. ఆపై ఏ ధరకూ బియ్యం దొరకని స్థితి వస్తుంది. గంగాచరణ్ చేతిలో డబ్బు పట్టుకొని బియ్యం కోసం తిరిగే ఘట్టాలు నవలకు ఆర్థిక కేంద్రం. డబ్బు అంటే కోరిన వస్తువును తెచ్చిపెడుతుందన్న నమ్మకం. ఆ నమ్మకం చెడితే నాణెం లోహపు ముక్కే. మొన్నటి వరకు పంతులుగారికి ఊరికే ధాన్యం కొలిచి పంపిన సంపన్నుడు ఇప్పుడు గాదె సంగతి దాస్తాడు. అతడు దుర్మార్గుడుగా మారలేదు, భయపడ్డాడు. భయపడిన వేలమంది తలా కొంత దాచుకుంటే అంగడి ఖాళీ అవుతుందన్న ఆర్థిక సూత్రాన్ని రచయిత ఒక పాత్ర ముఖకవళికల్లో ఇమిడ్చాడు.

వృత్తుల విలువ పడిపోవడం

కాటకంలో నష్టపోయేది భూమిలేని కూలీ మాత్రమేనా అన్న ప్రశ్నకు ఈ నవల ఇచ్చే సమాధానం గమనించదగినది. గంగాచరణ్ ఆదాయమంతా ఇతరులు మిగులులోంచి ఇచ్చేదే. చదువు చెప్పినందుకు బియ్యం, పూజ చేసినందుకు కూరగాయలు, మందు ఇచ్చినందుకు మరొకటి. నగదు జీతం లేకపోవడం ధర పెరిగిన తొలిరోజుల్లో అతనికి రక్షణ. ధర ఎంతైనా అతనికి రావలసింది గింజలే. ఇచ్చేవారి మిగులు కరిగిపోయాక అదే ఏర్పాటు అతనికి శాపమవుతుంది. ఆకలిగా ఉన్నవాడు ముందుగా మానుకునే ఖర్చులు పిల్లవాడి చదువు, పూజ, క్షురకర్మ వంటివి. కాటకకాలంలో మంగలి సేవకు బియ్యంలో లభించే విలువ దారుణంగా పడిపోయిందని సేన్ లెక్కలతో చూపారు. నవలలో పౌరోహిత్యానికి, విద్యకు పట్టిన గతి కూడా అదే. విద్య, కులం అన్న రెండు పెట్టుబడులూ గింజల అంగడిలో చెల్లకుండా పోవడం గంగాచరణ్ కథలోని అంతస్సూత్రం.

అనంగ విషయంలో ఈ పతనం మరింత సూక్ష్మంగా కనిపిస్తుంది. కాలితో తొక్కే ఢేంకీ దగ్గర ఇతరుల వడ్లు దంచి, కూలిగా కొన్ని బియ్యం తెచ్చుకోవడానికి ఆమె పూనుకుంటుంది. బ్రాహ్మణ గృహిణికి అది తగని పని. ఊరి స్త్రీలు సంకోచిస్తారు, భర్త నొచ్చుకుంటాడు. కాని ఆమె తెచ్చిన బియ్యమే ఆ పూట పొయ్యి వెలిగిస్తుంది. బెంగాల్‌లో వడ్లు దంచడం పేద స్త్రీలకు, ముఖ్యంగా వితంతువులకు ప్రధాన జీవనాధారం. ఆ కూలి దొరకాలంటే దంచడానికి ఎవరి ఇంటనైనా వడ్లు ఉండాలి. వడ్లు చీకటి అంగడికి తరలిన రోజున రోకటితోపాటు ఆ స్త్రీల బతుకూ ఆగిపోతుంది. అనంగ రోకలి దగ్గరకు రావడం ఒక కులమర్యాద సడలిన క్షణం. అప్పటికే ఆ రోకలి మీద ఆధారపడినవారి వాటాలోకి మరొక ఆకలి చేరిన క్షణం కూడా. రెండవ అంశాన్ని నవల స్పష్టంగా చెప్పదు. కాని పాఠకుడు దానిని విస్మరించడానికి వీలులేదు.

తరువాత స్త్రీలు అడవి దుంపలు తవ్వడానికి, ఆకుకూరలకు, నీటిగుల్లలకు తిరగడం మొదలవుతుంది. ‘పథేర్ పాంచాలీ’లో పిల్లల ఆటస్థలమైన పొదలు, చెరువుగట్లు ఇక్కడ ఆహారాన్వేషణ స్థలాలయ్యాయి. ప్రకృతి మారలేదు. దానిని చూసే కడుపు మారింది. బందోపాధ్యాయ తన ప్రకృతి వర్ణనాశక్తిని ఈ నవలలో విడిచిపెట్టలేదు. దానిని ఆకలికి సాక్ష్యంగా నిలిపారు.

చివరి మారకం

అమ్మడానికి శ్రమ, విద్య, వస్తువు ఏవీ మిగలనప్పుడు మారకానికి మిగిలేది శరీరం. కాపాలీల ఇంటి చిన్నకోడలు (చలనచిత్రంలో ఛుట్‌కి) కాలిన ముఖం గల ఒకడి దగ్గరకు బియ్యం కోసం వెళుతుంది. ఈ ఘట్ట నిర్వహణలో రచయిత సంయమనం మెచ్చదగినది. కథకుడు ఆమెను నిందించడు, ఆమె పక్షాన వకాల్తా పుచ్చుకోడు. ఆమెకు అతని ముఖం మీద ఏవగింపు ఉంది. ఆ ఏవగింపు కంటె ఆకలి పెద్దది. తెచ్చిన బియ్యాన్ని తాను ప్రేమించే అనంగతో పంచుకోవాలని కూడా ఆమె కోరుకుంటుంది. పాపపుణ్యాల తీర్పును వాయిదా వేసి, ఒక స్త్రీ ఏ ధరకు ఎంత బియ్యం పొందగలిగిందన్న లెక్కను మాత్రమే కథనం పాఠకుని ముందుంచుతుంది. ఆ లెక్కలో యుద్ధం సంగతి ఎక్కడా ఉండదు. అయినా రంగూన్ పతనం నుంచి ఆమె అడుగుల దాకా కారణాల గొలుసు తెగకుండా సాగింది.

మోతీ మరణం

నవలలో ఆకలితో తొలిసారిగా మరణించేది మోతీ. ఆమె చర్మకార కులస్త్రీ, అనంగకు పూర్వ పరిచయస్థురాలు. ఊళ్లో చెట్టు నీడన ఆమె ప్రాణం పోతుంది. మనిషి నిజంగానే తిండిలేక చనిపోవచ్చునన్న ఎరుక ఊరికి ఆ శవాన్ని చూసిన తరువాతనే కలుగుతుంది. అంతదాకా కొరత ఒక ఇబ్బంది, ఎలాగో గడిచిపోయే రోజులు. ఆ శవంతో అది కాటకమని తేలిపోతుంది. బెంగాల్ ప్రభుత్వం కాటక నియమావళి ప్రకారం 1943లో కాటకాన్ని ప్రకటించనేలేదు. నవలలో ఆ ప్రకటన చేసింది మోతీ శవం.

అస్పృశ్యురాలి శవాన్ని ఎవరు ముట్టుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు గంగాచరణ్ ముందుకు వస్తాడు. సంభావనల లెక్కలతో కథలో ప్రవేశించినవాడు ఏ ప్రతిఫలమూ లేని అంత్యసంస్కారానికి సిద్ధపడడం అతని పాత్ర పరిణామానికి పరాకాష్ఠ. విమర్శకుడు ఇక్కడ ఒక చిక్కును కూడా గుర్తించాలి. కాటకంలో అత్యధికంగా మరణించింది మోతీ వంటివారు. నవల మాత్రం ఆమె ఆకలిని లోపలి నుంచి చెప్పదు. ఆమె వచ్చి, అడిగి, పడిపోయి, గంగాచరణ్ మనసు మారడానికి నిమిత్తమవుతుంది. కథనం ఆమెకు మరణాన్ని ఇచ్చింది, పరిణామాన్ని బ్రాహ్మణ గృహస్థుకు ఇచ్చింది. దళిత దృక్పథం నుంచి ఈ నవలను చదివేవారికి ఇది తప్పక ఎదురయ్యే ఆక్షేపణ. దృష్టికోణం వల్ల ఏర్పడిన ఈ హద్దును రచయిత సానుభూతి దాటలేకపోయింది.

పిడుగు రూపకం: బలం, పరిమితి

బిజన్ భట్టాచార్య ‘నబాన్న’ నాటకాన్ని 1944లో భారత ప్రజానాట్య సంఘం ప్రదర్శించింది. అందులో ధాన్యం దాచే వర్తకుడు, చీకటి అంగడి, నగరవీధుల్లో రైతు దైన్యం ప్రత్యక్షంగా కనిపిస్తాయి. భవానీ భట్టాచార్య 1947లో ఆంగ్లంలో రాసిన ‘సో మెనీ హంగర్స్’ నవల ఒకవైపు ధాన్యపు లాభాలను, మరొకవైపు ఆకలితో నగరానికి చేరిన పల్లె కుటుంబాన్ని ఎదురెదురుగా నిలిపింది. వాటితో పోల్చినప్పుడు ‘అశని సంకేత్’లో బాధ్యుల పేర్లు లేవు, రాజకీయ ఆగ్రహం లేదన్న విమర్శకు అవకాశముంది.

ఈ విమర్శలో నిజముంది గాని అది సంపూర్ణ సత్యం కాదు. ధరను పల్లెవాసి వాతావరణంలా అనుభవిస్తాడు. ఎండ పెరిగినట్టే ధర మండుతుంది. కారణం కంటికి కనిపించదు, ఫలితం తప్పించుకోరానిది. కారణాలు తెలిసిన కథకుడిని ప్రవేశపెడితే ఈ అనుభవ స్వభావం నష్టమవుతుంది. ‘నబాన్న’ కారణాన్ని రంగస్థలం మీదికి తెచ్చింది. ‘అశని సంకేత్’ కారణం తెలియకుండా దెబ్బతినడమన్న స్థితిని పట్టుకుంది. దూరంలోని యుద్ధం సామాన్యునికి చేసే అన్యాయంలో ఇది కూడా భాగం. అతని బియ్యంతోపాటు, బియ్యం ఎందుకు పోయిందో తెలుసుకునే వీలు కూడా అతనికి లేకుండా పోయింది. ఈ రూపకానికి మూల్యం కూడా ఉంది. పిడుగును ప్రశ్నించలేము. ఊరివారితో పాటు పాఠకుడు కూడా తలవంచితే పడవలు తప్పించిన ఆదేశం, నగరానికి ఇచ్చిన ప్రాధాన్యం, వర్తకుల లాభం అన్నీ విధిలో కలిసిపోతాయి.

సత్యజిత్ రాయ్ చలనచిత్రం ఈ సమస్యను తనదైన రీతిలో ఎదుర్కొన్నది. పచ్చని పొలాలు, నిండు నది, రంగుల ఆకాశం మధ్య ఆకలిని చిత్రించడం కొందరికి అనుచితంగా తోచింది. కాని ఆ పచ్చదనమే వాదం. నేల ఎండిపోకుండానే జనం మాడిపోయారని వర్ణచిత్రం మాటలు లేకుండా చెప్పింది. ఆకాశంలో బారుగా పోయే విమానాలను అనంగ కొంగల బారును చూసినట్టు అబ్బురంగా చూస్తుంది. శీర్షికలోని సంకేతం అదే. ఆకాశం నుంచి వస్తున్నది మెరుపు కాదు, యంత్రం. చివర గంగాచరణ్ ఇంటివైపు నడిచివచ్చే ముసలి బ్రాహ్మణుని కుటుంబపు నీడలు లెక్కలేని జనసమూహంగా మారుతాయి. ముగింపు వాక్యం 50 లక్షల మంది మరణాన్ని ప్రస్తావిస్తూ దానిని మనుషులు కల్పించిన కాటకమని పేర్కొంటుంది. నవల శీర్షిక మౌనంగా వదిలిన కర్తను చిత్రం చివరి వాక్యంలో చేర్చింది.

తెలుగు నవలా పరిశోధనకు సూచన

ఈ చర్చతో తెలుగు నేలకు ఉన్న సంబంధం యాదృచ్ఛికం కాదు. రంగూన్ రేవులో బరువులు మోసినవారిలో తెలుగువారి సంఖ్య పెద్దది. కోరంగి రేవు పేరుమీద బర్మాలో వారిని ‘కొరంగీ’లన్నారు. 1942లో బర్మా విడిచి వచ్చిన లక్షలాది భారతీయుల్లో వారూ ఉన్నారు. ఆ ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. మద్రాసు రాష్ట్రం కూడా బర్మా బియ్యాన్ని కొన్నదే. బెంగాల్ పల్లెను కమ్మిన గొలుసులోని కొన్ని లంకెలు కోస్తాంధ్ర రేవుల మీదుగా కూడా సాగాయి.

అయినా ‘తెలుగు సాహిత్యంలో రెండవ ప్రపంచయుద్ధం’ అన్న అంశం మీద పరిశోధన చేసేవారు సాధారణంగా యుద్ధాన్ని పేరుపెట్టి చెప్పిన కవితలను, ఫాసిజాన్ని నిరసించిన గేయాలను వెతుకుతారు. అది అవసరమే. ‘అశని సంకేత్’ పఠనం దానికి తోడు మరొక మార్గాన్ని చూపుతుంది. 1940ల నాటి కథలో కిరోసిన్ లేని దీపం, కంట్రోలు బియ్యం, బర్మా నుంచి ఆగిపోయిన మనియార్డరు, విలువ పడిపోయిన కూలి కనిపించినప్పుడు అవి కేవలం పేదరిక చిత్రణలుగా వర్గీకరణ పొందుతున్నాయి. అటువంటి వివరాలను యుద్ధసాహిత్య పరిధిలో ఉంచి పరిశీలించవలసి ఉంది. ఆ కాలపు కథలను ధరల చరిత్రతో కలిపి చదివితే తెలుగులో యుద్ధసాహిత్యం ఇంతవరకు భావించినదానికంటె విస్తృతమైనదో కాదో తేల్చవచ్చు.

ముగింపు

‘అశని సంకేత్’ యుద్ధాన్ని వార్తగా, కొరతగా, ధరగా, చివరకు శవంగా వరుస తప్పకుండా చూపిన నవల. వృత్తికి విలువ ఇచ్చేది దాని గొప్పతనం కాదని, ఎదుటివాని మిగులని అది గంగాచరణ్ ద్వారా నిరూపించింది. కాటకానికి కర్తను నిలపకపోవడం, మోతీని ఆమె మరణం ద్వారా మాత్రమే చూపడం దాని పరిమితులు. శీర్షికలోని పిడుగు ప్రకృతిదని నమ్మినంతకాలం ఈ నవల ఒక కరుణరస కథ. ఆ పిడుగు బియ్యం ధరలో తయారైందని గుర్తించినప్పుడు అది తన కాలపు ఆర్థిక చరిత్రకు సాక్ష్యం. బెంగాలీలు ‘యాభై’ అని సంవత్సరంతో పిలిచిన మరణాలకు కారణాలను వెతికే పని ఆ గుర్తింపుతోనే మొదలవుతుంది.